నిప్పుగొట్టాల గుట్ట

పద్మకూటాన్ని దూరం నుంచి తొలిసారి చూసినవాళ్లకు అది ఊరనిపించదు. శంఖవాహినీ నది ఒడ్డున ఎవరో మూత తీసి పెట్టిన నగలపెట్టె అనిపిస్తుంది. తామరమొగ్గల్లాంటి బురుజులు, ఎర్రరాతి కోటగోడ, ఆ గోడ మీద మధ్యాహ్నపు ఎండకు రెక్కలు ఆరబెట్టుకునే నెమళ్లు! సంతవీధికి రెండువైపులా పొగడచెట్లు. గాలి వీస్తే చాలు, బండ్ల మీదా బాటసారుల తలల మీదా పూలు జలజల రాలుతాయి. ప్రతి ఇంటి గడపకూ పసుపు, ద్వారబంధానికి మామిడాకులు, ఆ మామిడాకుల పక్కనే కొయ్యమేకుకు వేలాడుతూ ఒక నిప్పుగొట్టం.

మూరెడు పొడవు కంచుగొట్టం అది. వెనకవైపు రేగుపండంత ఎర్రరాయి పొదిగి ఉంటుంది. ఆ రాయిని బొటనవేలితో నొక్కితే చాలు, ముందునుంచి నిప్పుపూస దూసుకుపోయి ఎదురుగా ఉన్నవాడి గుండెలో దిగుతుంది. గొప్ప గురి అక్కర్లేదు, బలం అక్కర్లేదు, నేర్పు అక్కర్లేదు. తాతల కాలంలో కొండదొంగలు ఊళ్లమీద పడి దోచుకుంటుంటే, రాజగురువు భస్మనాభుడు తన మంత్రాల కొలిమిలో వాటిని పోతపోసి ఇంటింటికీ పంచాడు. దొంగలు నశించారు. వాళ్ల పేరు కూడా జనం మరిచిపోయారు. గొట్టాలు మాత్రం గోడలమీద ఉండిపోయాయి. భస్మనాభుడూ ఉండిపోయాడు, అదే నల్లని గడ్డంతో, ముసలితనమనేది ఎరగకుండా.

ఆ రోజు పద్మకూటం సంతలో కొత్తగా ఒక గాజులసెట్టి కనిపించాడు. భుజాన గాజుల మలారం, నుదుట పెద్దబొట్టు, నోటినిండా తాంబూలం. వాడి పక్కన ఏనుగు గున్నలాంటి నౌకరు ఒకడు. ఆ సెట్టి హిరణ్యకుంభ రాజ్యపు యువరాజు చిత్రభానుడని గానీ, ఆ నౌకరు అతని ప్రాణస్నేహితుడైన జెట్టి గుండమల్లుడని గానీ ఆ సంతలో ఎవరికీ తెలియదు.

"సెట్టీ, కాస్త వదులు గాజులు చూపించు. నిండు చూలాలు మా కోడలు. చేతులు వాచిపోయాయి పిల్లకి" అంది ఒక పెద్దావిడ. పేరు గౌరసాని. ఊరి చివర, అడవిని ఆనుకున్న ఇల్లు ఆమెది. కొడుకు పడవల మీద దూరదేశం పోయాడు. ఆమె నడుముకు కూడా చీరచెంగుతో బిగించి ఒక నిప్పుగొట్టం ఉంది.

చిత్రభానుడు మలారం విప్పాడో లేదో, నీళ్లతొట్టి దగ్గర కేకలు వినిపించాయి.

"నా ఎడ్లు ముందొచ్చాయి. తొలగించు నీవి!"

"ఏం, ఈ తొట్టి మీ అబ్బ తవ్వించాడా?"

రోజూ సంతలో వినిపించే తగాదాయే. మాట మీద మాట పెరిగితే మహా అయితే చొక్కాలు చిరగాలి. కానీ మొదటివాడి చెయ్యి నడుము మీదికి పోయింది. ఎర్రరాయి మెరిసింది. రెండోవాడు తొట్టిలోకే ఒరిగిపోయాడు. ఎడ్లు బెదిరి బండి తిరగేశాయి. చచ్చినవాడి తమ్ముడు అక్కడే ఉన్నాడు, వాడి నడుముకూ గొట్టం ఉంది. ఆ తరవాత ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియలేదు. బెల్లం అమ్ముకునేవాడు భయంతో కళ్లు మూసుకుని రాయి నొక్కాడు. వాడికి ఆ తగాదాతో సంబంధమే లేదు.

చిత్రభానుడు గౌరసానిని ఒక్క ఊపున ధాన్యం బస్తాల చాటుకు లాగాడు. గుండమల్లుడు తిరగబడ్డ బండిని రెండుచేతులా ఎత్తి డాలులా అడ్డం పెట్టాడు. నిప్పుపూసలు టపటపమని బండిచెక్కలకు తగిలి పొగలు చిమ్మాయి. అరుపులు, ఏడుపులు, కాలిన వాసన. అంతా సద్దుమణిగేసరికి పొగడపూల మీద మనుషులు పడి ఉన్నారు. బెల్లం అమ్మేవాడు తన గొట్టం వంకే వెర్రిచూపులు చూస్తున్నాడు.

ఇక మారువేషం దేనికి? చిత్రభానుడు సెట్టి తలపాగా విసిరేసి, తొట్టి గట్టు ఎక్కి, సూర్యముద్ర ఉన్న ఉంగరం పైకెత్తి చూపాడు.

"పద్మకూట ప్రజలారా! నేను మీ యువరాజును, చిత్రభానుణ్ణి. ఈ గొట్టాలు మీకు దేనికిచ్చారు? కొండదొంగలను చంపడానికి. ఈ తొట్టిలో పడి ఉన్నవాడు కొండదొంగా?"

అతను నది వైపు చెయ్యి చాచాడు.

"మహారాజుగారు నాకు మాట ఇచ్చారు. ఏ ఒక్క ఊరైనా తనంతట తాను గొట్టాలు తెచ్చి కోటగుమ్మం ముందు పెడితే, రాజ్యమంతటికీ శాసనం చేస్తామన్నారు. ఈ పొద్దు వాలకముందే వారు నది అవతలి గట్టుకు వస్తున్నారు. గొట్టాలను నదిలో పారెయ్యమనడం లేదు నేను. ఊరి ఆయుధశాలలో పెట్టండి. కాపలా మీ మనుషులే కాయండి. అవసరమొస్తే పదిమంది ఎదుట చెప్పి తీసుకెళ్లండి. తాగినవాడికీ, కోపిష్టికీ, పసివాళ్లకూ అందకుండా ఉంటే చాలు."

అప్పుడు బస్తాల చాటునుంచి గౌరసాని లేచింది. చీర దులుపుకుని సూటిగా అడిగింది.

"బాగానే చెప్పావు బాబూ. మాది అడివంచు ఇల్లు. చూలాలు ఒక్కత్తీ ఉంది ఇంట్లో. చిరుతొస్తే, తుంటరి వెధవెవడైనా తలుపు తోస్తే, నేను మీ ఆయుధశాలకు పరిగెత్తనా? నీ భటులు ఎప్పటికి వస్తారు? దహనానికా?"

జనంలోంచి "అదీ అడుగు!" అన్నారు కొందరు.

చిత్రభానుడు తల ఊపాడు. "నిజమే అమ్మా. ఊరి వెలుపల ఒంటరిగా ఉన్నవాళ్లు ఇంట్లోనే ఉంచుకోవచ్చు. అది కూడా శాసనంలో రాయిస్తాను. కానీ సంతకెందుకు తెచ్చావు?"

గౌరసాని తన నడుము వంక చూసుకుంది. తొట్టి వంక చూసింది. "అందరూ తెస్తున్నారని" అంది మెల్లిగా.

ఆమే మొదట కదిలింది. కోటగుమ్మం ముందు తన గొట్టం నేలమీద పెట్టింది. బెల్లం అమ్మేవాడు ఏడుస్తూ వచ్చి తనది పెట్టాడు. ఆ పైన ఒకరి వెంట ఒకరు, ఇళ్లలోంచి, అంగళ్లలోంచి. గుట్ట మోకాలెత్తు లేచింది, నడుమెత్తు లేచింది. కంచు ఎండలో ధగధగలాడింది. నది అవతలి గట్టున రాజుగారి డేరాలు వేస్తున్నారు. బంగారు కలశాలు ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి.

"యువరాజా, పని గట్టెక్కినట్టే" అన్నాడు గుండమల్లుడు నవ్వుతూ.

ఆ క్షణాన ఒక బైరాగి జనాన్ని తోసుకుంటూ గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చాడు. ఒళ్లంతా బూడిద, ఎడమ కనుబొమ కాలిపోయి ఉంది. గుప్పెడు బూడిద గాలిలోకి విసిరి గొంతు చించుకుని అరిచాడు.

"దొంగలు! అడవిదారిన దొంగలు దిగారు!"

ఆ బూడిద గాలిలో కలిసి ఆకాశమంతా మట్టిరంగుకు తిరిగింది. అడవిదారిన నిజంగానే దుమ్ము లేస్తోంది. ఆ దుమ్ములోంచి టప్, టప్ మని నిప్పుగొట్టాల చప్పుడు.

జనం ఒక్క పెట్టున గుట్టమీద పడ్డారు. ఎవరి గొట్టం ఎవరిదో చూసుకోలేదు. చేతికందింది లాక్కుని గోడ ఎక్కారు.

"ఆగండి! ముందు చూడనివ్వండి!" అని చిత్రభానుడు అరుస్తూనే ఉన్నాడు. గౌరసాని అతన్ని భుజంతో తోసేసి వంగింది. "మా కోడలుంది అటుపక్క!" అని కేక పెట్టి, ఒక గొట్టం అందుకుని మెట్ల మీదికి పరుగు తీసింది.

గుండమల్లుడు చెవి ఒగ్గి విన్నాడు. "యువరాజా, దుమ్ములోంచి డోలు వినిపిస్తోంది. సన్నాయి కూడా. పెళ్లివారు! సంబరానికి గాలిలోకి కొడుతున్నారు!"

ఇద్దరూ కోటగుమ్మం దగ్గర కట్టి ఉన్న గుర్రాలెక్కి గాలిలా దూసుకుపోయారు. గుండమల్లుడు తన పైపంచె తీసి గోడవైపు ఊపుతూ, "కొట్టకండి! పెళ్లివాళ్లు!" అని అరిచాడు. కానీ గోడమీది జనానికి కనిపించింది ఆకాశమంత దుమ్ము, వినిపించింది గొట్టాల చప్పుడు. గోడ పొడవునా ఎర్రరాళ్లు ఒక్కసారి మెరిశాయి.

పెళ్లివాళ్లు వెదురుకోన వాళ్లు. నది దాటి వరుడి ఊరికి పోతున్నారు. అలంకరించిన ఎడ్లు మొదట కూలాయి. సన్నాయి ఆగిపోయింది. బండ్లలోంచి మగవాళ్లు దూకి, తమమీదా దొంగలే పడ్డారనుకుని ఎదురు కొట్టారు. వాళ్ల గొట్టాల్లోంచి వచ్చిన నిప్పుపూస ఒకటి గుండమల్లుడి వీపులో దిగింది. పంచె పట్టుకున్న చెయ్యి అలాగే పైకి ఉండగా ఆ జెట్టి గుర్రం మీదనుంచి జారాడు.

చిత్రభానుడు కిందికి దూకి అతని తల ఒళ్లోకి తీసుకున్నాడు.

"ఎటునుంచి వచ్చింది దొరా?" అన్నాడు గుండమల్లుడు.

"ఎటైతేనేంరా?"

"అదీ నిజమే" అన్నాడు. ఆ తరవాత మాట్లాడలేదు.

దుమ్ము అణిగాక పద్మకూటం జనం గోడ దిగి వచ్చారు. వచ్చి, బండ్లలోని మల్లెచెండ్లు, తలంబ్రాల పళ్లెం, పసుపుబట్టల్లో ముసలమ్మలు, అన్నీ చూశారు. వరుడు బండిచక్రానికి ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నాడు. బాసికం కూడా చెదరలేదు. అతని మోకాలు పట్టుకుని ఒక పిల్ల, పెళ్లికూతురు, ఏడవకుండా కూర్చుని ఉంది. పేరు చెంగల్వ.

"నాది గోడకు తగిలింది" అన్నాడొకడు. "నేను ఎత్తుగా కొట్టాను" అన్నాడు ఇంకొకడు. గౌరసాని మాత్రం పెళ్లికూతురి ఎదుట చతికిలబడి, "నాదే అయ్యుంటుంది తల్లీ" అంది. తలమీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకుంది.

చిత్రభానుడు ఆమె ఒడిలోని గొట్టం అందుకోబోయాడు. ఆమె రెండు చేతులా బిగించి పట్టుకుంది.

"ఇవ్వలేను బాబూ. ఇంక అసలే ఇవ్వలేను. వీళ్లలో ఇద్దరు అడవిలో పడి పారిపోయారు, నా కళ్లతో చూశాను. వెదురుకోన ఊరుకుంటుందా? రేపు వాళ్లొస్తే నా కోడల్ని ఎవరు కాచాలి?"

ఆ మాట జనంలో నిప్పంటించినట్టు పాకింది. వెదురుకోన వాళ్లు వస్తారు. తప్పకుండా వస్తారు. ఎవరో చెంగల్వను వేలెత్తి చూపించారు. "ఈ పిల్లని పోనివ్వకండి. దీన్ని లోపల ఉంచితే వాళ్లు మనమీద కొట్టరు!"

చేతులు ముందుకు వచ్చాయి. చిత్రభానుడు ఇక ఆలస్యం చెయ్యలేదు. బట్టల్లో దాచుకున్న కత్తి దూసి గిరగిర తిప్పుతూ దారి చేసుకుని, చెంగల్వను గుర్రం మీదికి లాక్కుని, మడమలతో పొడిచాడు. గుర్రం చచ్చిన ఎడ్లమీదుగా లంఘించింది. వెనకనుంచి నిప్పుపూసలు చెవుల పక్కనే దూసుకుపోయాయి. ఒకటి గుర్రం జూలు కాల్చింది. నది గట్టు నిట్టనిలువుగా ఉన్న చోటు వచ్చింది. గుర్రం ఆగలేదు, అతనూ ఆపలేదు. ఇద్దరితోపాటు శంఖవాహినిలోకి దూకి, వడిలో కొట్టుకుపోతూ, ఈదుతూ, ఎలాగో అవతలి గట్టుకు చేరింది.

రాజుగారి డేరా తెల్లపట్టుది. దాని నీడలో పచ్చల పీఠం మీద వజ్రసేన మహారాజు కూర్చుని ఉన్నాడు. వయసు మీదపడి మెడ సన్నబడింది, కిరీటం కాస్త పక్కకు ఒరిగింది. గట్టు మీదనుంచి జరిగినదంతా ఆయన చూశాడు.

"తండ్రీ, మాట ఇచ్చారు" అన్నాడు చిత్రభానుడు, నీళ్లు కారుతూ.

"ఊరు తనంతట తాను గొట్టాలు పెడితే అన్నాను."

"పెట్టింది. మీరు చూశారు."

"మళ్లీ తీసుకుంది. అదీ చూశాను." మహారాజు కళ్లు తుడుచుకున్నాడు. "కుమారా, నా సేనలోని కత్తులకంటే ఆ ఊరి గోడలకు వేలాడే గొట్టాలు ఎక్కువ. ఒక్క ఊళ్లోనే! రాజ్యమంతటా ఎన్ని? ఇమ్మని శాసనం పంపితే, ఆ శాసనం చదివేవాణ్ణి ముందు కొడతారు. ఆ పైన నన్ను. నువ్వు నన్ను రాజునంటావు. నేను నా ప్రజలకు భయపడుతూ బతుకుతున్న ముసలివాణ్ణి నాయనా."

పీఠం వెనకనుంచి రాజగురువు ఒక అడుగు ముందుకు వేశాడు. పట్టుబట్టలు, గంధం, నల్లని గడ్డం. ఎడమ కనుబొమ మాత్రం కాలిపోయి ఉంది.

చిత్రభానుడు పులిలా ఎగిరి అతని గొంతు పట్టుకున్నాడు. "తండ్రీ! దొంగలని అరిచిన బైరాగి వీడే!"

భస్మనాభుడు విడిపించుకోవడానికి ప్రయత్నించలేదు. గొంతు నలుగుతున్నా నిదానంగానే మాట్లాడాడు. "అవును, అరిచాను. ఒక్క మాట అరిచాను. రాయి నొక్కింది నేనా యువరాజా? నా గొట్టం ఒక్కటైనా నేను పేల్చగా ఎవరైనా చూశారా? నేలమీద పెట్టినవాళ్లు వాళ్లే, ఎత్తినవాళ్లూ వాళ్లే. నన్ను చంపు. కొలిమి ఆగదు. నా మంత్రం ఒకసారే వేశాను, దాన్ని విప్పడం నాకూ రాదు. ఒక గొట్టం వల్ల ఒక ప్రాణం పోతే, కొలిమిలో మరో గొట్టం దానంతట అదే పుడుతుంది."

డేరా పక్కన బండ్లు నిలిచి ఉన్నాయి. వాటినిండా కొత్త గొట్టాలు. చిత్రభానుడు ఒకదాన్ని తాకి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అవి ఇంకా వెచ్చగా ఉన్నాయి.

భటులు అతన్ని పట్టుకున్నారు. మహారాజు తలెత్తకుండా ఆజ్ఞ ఇచ్చాడు. "పద్మకూటం వాళ్లు భయంలో ఉన్నారు. వాళ్లను రక్షించడం మా ధర్మం. ఇంటికి రెండేసి గొట్టాలు ఇప్పించండి. యువరాజును డేరాలో ఉంచండి, జనం కంటపడితే చంపుతారు."

అప్పుడు చెంగల్వ ముందుకు వచ్చింది. తడిసిన పసుపుబట్టలు ఒంటికి అంటుకుపోయాయి. చేతులకు పెళ్లిగాజులు సగం పగిలాయి.

"మహారాజా, మా వెదురుకోన వాళ్లకో?"

మహారాజు ఆ పిల్ల మొహం వంక చూడలేక నది వంక చూశాడు.

"వాళ్లకూ రెండేసి ఇప్పిస్తాం తల్లీ. న్యాయం అందరికీ ఒక్కటే."

ఆయన ఆ మాట ఎంతో దయగా అన్నాడు.

అంతలో నది ఎగువన శంఖం మోగింది. వంపు తిరిగి వెదురు తెప్పలు వస్తున్నాయి, ఒకటి కాదు, నది వెడల్పునా. వాటి మీద వెదురుకోన మగవాళ్లు, వాళ్ల మధ్య పెళ్లిబండ్ల దగ్గరనుంచి పారిపోయిన ఇద్దరు, వేళ్లు చాపి పద్మకూటం గోడ చూపిస్తూ. అవతలి గట్టున గోడమీద తలలు లేచాయి. గౌరసాని తెల్లచీర కూడా అక్కడ కనిపించింది.

చిత్రభానుడు మోచేత్తో ఒక భటుడి దవడ పగలగొట్టి, రెండోవాణ్ణి పచ్చల పీఠం మీదికి విసిరేశాడు. డేరాగుడ్డ చీల్చుకుని గట్టు దిగి పరుగుతీశాడు. అక్కడ రాజుగారి పడవ కట్టు అప్పటికే విప్పి ఉంది. చెంగల్వ గడ పట్టుకుని నిలబడి ఉంది.

అతను పడవలోకి దూకాడు.

"ఎటు తొయ్యను?" అందామె.

"నడిమికి."

"వాళ్లు ఆగరు."

"ఆగరు."

ఆమె గడ నేలకు దిగేసి బలమంతా పెట్టి తోసింది. పడవ ప్రవాహంలో ఒకసారి గిర్రున తిరిగి, ముక్కు సరిచేసుకుని, పద్మకూటం గట్టుకూ తెప్పలకూ మధ్యనున్న ఖాళీ నీళ్లలోకి సాగింది. చిత్రభానుడు ఖాళీ చేతులు రెండూ చాచి నిలబడ్డాడు. ముందు తెప్ప మీద పొడుగాటి మనిషిని చూసి చెంగల్వ గడ వదిలేసింది.

"పెదనాన్నా! నేనూ, చెంగల్వని! కొట్టొద్దు పెదనాన్నా!"

గాలి ఎగువనుంచి వీస్తోంది. ఆమె కేక వెనక్కి, పద్మకూటం వైపుకే కొట్టుకుపోయింది. ముందు తెప్ప మీది మనిషికి కనిపించింది రాజుగారి పడవ ఒక్కటే. అతను మెల్లిగా గొట్టం భుజానికి ఎత్తాడు. అతన్ని చూసి తెప్పలన్నిటి మీదా, వాళ్లను చూసి గోడ పొడవునా, చేతులు పైకి లేచాయి.